పిల్లల చెవికి ఏ రైడ్ పడుతుంది?

ఒప్పులకుప్ప ఆడినవాళ్ళందరికీ ఆ క్షణం గుర్తుండే ఉంటుంది. చేతులు మెలివేసి పట్టుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరిగి, ఒక్కసారిగా ఆగితే వాకిలి, అరుగు, వేపచెట్టు అన్నీ మన చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. కాళ్ళు ఆగినా చెవి లోపలి ద్రవం ఇంకా ఆగలేదన్నమాట.

నాంపల్లి ఎగ్జిబిషన్‌కో, రావిర్యాల దగ్గరి వండర్‌లాకో పిల్లల్ని మొదటిసారి తీసుకెళ్ళేవాళ్ళు సాధారణంగా సైజునీ రంగునీ చూసి రైడ్ ఎంచుకుంటారు. ఎత్తుగా ఉంటే ప్రమాదమని, బాతు బొమ్మలతో చిన్నగా ఉంటే పిల్లలదని అనుకుంటారు. నేనైతే అది పిల్ల చెవికి ఎలా తోస్తుందో ముందు ఆలోచించమంటాను.

ప్రతి చెవి లోపలా మూడు సన్నటి వంపు గొట్టాలున్నాయి. అవునని తల ఊపినా, కాదని అడ్డంగా తిప్పినా, భుజం మీదికి వాల్చినా వాటిలో ఏదో ఒకటి కనిపెడుతుంది. తల తిరగ్గానే గొట్టం కదులుతుంది, లోపలి ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకి మెత్తటి తెర ఒకటి వంగి మెదడుకి కబురు పంపుతుంది. ఒకే వేగంతో తిరుగుతూనే ఉంటే 20 సెకన్లు అటూ ఇటూగా ద్రవం కూడా వేగం అందుకుంటుంది, తిరుగుతున్న సంగతే చెవి మరిచిపోతుంది. ఆగినప్పుడు గొడవ తిరగబడుతుంది. గొట్టం ఆగినా ద్రవం సాగిపోతూ తెరని అవతలి వైపు వంచుతుంది. వియన్నాలో చెవి వైద్యుడిగా పనిచేసిన రాబర్ట్ బరానీ, రోగుల చెవులు కడిగేటప్పుడు చన్నీళ్ళు పోస్తే ఒక వైపు, వేన్నీళ్ళు పోస్తే ఇంకో వైపు కళ్ళు తిరగడం గమనించాడు. ఈ అవయవం మీద చేసిన కృషికి ఆయనకి 1914 నోబెల్ బహుమతి దక్కింది.

గొట్టాల పక్కనే రెండు చిన్న సంచులుంటాయి. వాటిలోని సున్నపు స్ఫటికాలు బండి బయలుదేరడం, ఆగడం, పైకి లేవడం, కిందికి పడడం చెబుతాయి. చెవి చెప్పేదీ కన్ను చూసేదీ పొసగకపోతే కడుపులో తిప్పుతుంది. మనం 'మా వాడికి బస్సు పడదు' అనేది ఇదే. అందుకే పార్కుకి వెళ్ళేముందు తిరుమల ఘాట్ రోడ్డునో, శ్రీశైలం ప్రయాణాన్నో గుర్తుచేసుకోండి. అంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రెండేళ్ళలోపు పిల్లలకి ఈ వికారం చాలా అరుదు. ఆరేళ్ళ నుంచి పెరుగుతూ పోయి తొమ్మిది, పదేళ్ళ దగ్గర ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతుంది. అంటే నాలుగేళ్ళ చెల్లి నవ్వుతూ దిగిన రైడ్‌లోంచి తొమ్మిదేళ్ళ అన్న పాలిపోయిన ముఖంతో దిగొచ్చు. వాణ్ణి పిరికివాడని ఏడిపించకండి. ఆ వయసు చెవే అంత.

ఇప్పుడు రైడ్‌ల దగ్గరికి వద్దాం. రంగులరాట్నం 15 సెకన్లకో చుట్టు తిరుగుతోందనుకుందాం. నడిమధ్య నుంచి 5 మీటర్ల దూరంలో ఉన్న గుర్రం మీద పక్కకి లాగే బలం మన బరువులో పదో వంతుకి లోపే. 2.5 మీటర్ల దగ్గరి గుర్రం మీద అందులో సగం. మొదటిసారి ఎక్కే పిల్లని లోపలి వరసలో కూర్చోబెట్టడానికి ఇదొక్కటి చాలు. కప్పూ సాసరూ చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా నా లెక్కలో చిన్నపిల్లల రైడ్ కాదు. కప్పు తిరుగుతుంది, కప్పులున్న పళ్ళెమూ తిరుగుతుంది, పైగా పిల్ల అమ్మ కోసమో బెలూన్ల కోసమో అటూ ఇటూ తల తిప్పుతుంది. తిరుగుతూ తల వంచితే ఒకేసారి రెండు మూడు గొట్టాలు కదిలి మెదడుకి తికమక కబుర్లు వెళతాయి. తప్పక ఎక్కాల్సి వస్తే ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముఖమే చూస్తూ ఉండమనండి.

కొలంబస్ ఇంకో రకం. అదొక పెద్ద ఊయల. ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ఊచకి వేలాడే ఓడ ఇటు నుంచి అటు వెళ్ళి మళ్ళీ రావడానికి 5, 6 సెకన్లు పడుతుంది. సముద్రంలో ఓడని ఊపే అలల్లో జనానికి అన్నిటికంటే వికారం కలిగించే లయ కూడా 5 సెకన్ల దగ్గరే ఉంటుంది. ఓడ ఒక్కో వైపు 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చిన క్షణంలో 16 కిలోల పిల్ల 32 కిలోల బరువున్నట్టు సీటుకి అదుముకుపోతుంది. పై అంచున మళ్ళీ తేలిపోతుంది. రెండు కొసల్లో కూర్చున్నవాళ్ళు ఎక్కువ ఎత్తుకి లేస్తారు కాబట్టి నడిమి వరస మేలు. నాలుగేళ్ళ పిల్లకైతే అదీ వద్దు.

జెయింట్ వీల్ పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. 1893లో షికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెరిస్ నిలబెట్టిన చక్రం 264 అడుగుల ఎత్తు. అంత పెద్దదైనా మెల్లగా తిరిగే చక్రాన్ని చెవి దాదాపు పట్టించుకోదు. తలుపులు మూసే పెట్టెలుండి, నెమ్మదిగా కదిలేదైతే నేను ధైర్యంగా ఎక్కిస్తాను. జాతరల్లో జోరుగా తిప్పే, ముందు ఒక్క కడ్డీ మాత్రమే ఉండే బల్లల చక్రానికి మాత్రం చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి. ఏది ఎక్కినా జడ ముడి వేసి, చున్నీ తీసి సంచిలో పెట్టడం మరవకూడదు.

గేటు దగ్గర ఎత్తు కొలిచే గీత గురించి కాస్త గట్టిగా చెప్పాలి. 'రెండు వేళ్ళే కదా తక్కువ, వదిలేయండి' అని బతిమాలే నాన్నల్ని, మడమలెత్తి నిలబడమని చెవిలో చెప్పే అమ్మల్ని చూశాను. నన్నడిగితే ఆ గీతతో బేరం ఆడకూడదు. ఒళ్ళోకి దిగే కడ్డీ తొడల మీద, తుంటి దగ్గర బిగుసుకోవాలి. ఒకే సీట్లో నాన్న, పిల్ల కూర్చుంటే కడ్డీ నాన్న తొడ తగలగానే ఆగిపోతుంది. పిల్ల ఒళ్ళో జానెడు ఖాళీ మిగులుతుంది. బండి ఒక్కసారి కిందికి దూకితే నాన్నని కడ్డీ ఆపుతుంది, పిల్లని ఆపేదేమీ ఉండదు. చేత్తో పట్టుకుంటాను అంటారు, కానీ ఆ క్షణంలో ఆ బరువుని చెయ్యి ఆపలేదు. ఎవరి కడ్డీ వారికి ఉన్న సీటే వెతుక్కోవాలి. పిల్లల శరీరం పెద్దవాళ్ళ శరీరానికి చిన్న నమూనా కూడా కాదు. పుట్టినప్పుడు తల ఒంటి పొడవులో నాలుగో వంతు, పెద్దయ్యాక ఏడో ఎనిమిదో వంతు. ఆ రెంటి నడుమ ఏళ్ళలో ఆ బరువైన తలని లేత మెడ మోస్తుంటుంది. అందుకే కుదుపుండే బండ్లు కాస్త పెద్దయ్యాకే ఎక్కాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో మధ్యస్థ ఎత్తు నాలుగేళ్ళకి 103 సెంటీమీటర్లు, పదేళ్ళకి సుమారు 138. అమెరికాలో మనవల దగ్గరికి వెళ్ళిన తాతయ్యలకి కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో స్పేస్ మౌంటెన్ దగ్గర 102 సెంటీమీటర్ల గీత కనిపిస్తుంది. నాలుగేళ్ళ మనవడు దాన్ని దాటినా దాటొచ్చు. కానీ అది చీకట్లో పరిగెత్తే రోలర్ కోస్టర్. కడ్డీ వాణ్ణి పట్టి ఉంచుతుందని మాత్రమే గీత చెబుతుంది, చీకటికి వాడు ఏడవడని చెప్పదు.

నీళ్ళ ఆటల గురించి ఒక్క మాట. చిన్న గిన్నెలో పాలు త్వరగా చల్లారినట్టే చిన్న ఒళ్ళు త్వరగా వేడి కోల్పోతుంది. మండుటెండలోనైనా పెదవులు నీలంగా మారితే బయటికి తెచ్చి తుడవాలి.

క్యూలో అరగంట నిలబడ్డాక, తీరా గేటు దగ్గర 'నేనెక్కను' అంటే విసుగొస్తుంది. అయినా బలవంతం చేయకండి. భయం తానుగా ఎంచుకున్నదైతేనే పిల్లలకి ఆటగా ఉంటుంది. ఎత్తుకుని ఎక్కిస్తే మిగిలేది భయమే. బయటే నిలబడి రెండు ఆటలు చూడనివ్వండి, ఎంతసేపు తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో వాళ్ళకి తెలుస్తుంది. నిరుడు మా చెల్లెలి కొడుకు కొలంబస్ ముందు నిలబడి మూడు ఆటలు పూర్తిగా చూశాడు. ఎన్నిసార్లు ఊగుతోందో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నేరుగా బొమ్మ రైలు దగ్గరికి నడిపించాడు. అదే రైలు నాలుగు సార్లు ఎక్కాడు, నాలుగోసారి నన్ను వెనక పెట్టెలో కూర్చోమని తను ముందు కూర్చున్నాడు.