మోబీగేమ్స్: వేల చేతులు రాస్తున్న ఆటల చిట్టా

తొంభైలలో విజయవాడలోనో, వరంగల్‌లోనో కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లి డాస్, బేసిక్ నేర్చుకున్న తరానికి డేవ్, ప్రిన్స్ అనే రెండు ఆటలు గుర్తుండే ఉంటాయి. ఫ్లాపీలో ఒకరి నుంచి ఒకరికి చేరిన ఆ ఆటలకు అట్టపెట్టె లేదు, వెంట పుస్తకం లేదు. ఎవరు చేశారో, ఏ ఏడు చేశారో చెప్పేవాళ్లూ లేరు. ఇవాళ ఆ వివరాలు నిమిషంలో దొరుకుతాయి. డేవ్ అసలు పేరు 'డేంజరస్ డేవ్'. జాన్ రొమేరో 1988లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం దాన్ని రాశారు. మన సెంటర్లలో ఆడింది 1990 నాటి డాస్ రూపం. ఆ రొమేరోనే 1993లో ప్రపంచాన్ని ఊపేసిన 'డూమ్' బృందంలో ఒకరు.

ఈ వివరాలు ఇంత సులువుగా దొరకడం వెనక పాతికేళ్లకు పైబడిన శ్రమ ఉంది. ఆ శ్రమలో చాలా భాగం జీతం తీసుకోని మనుషులది. వాళ్లు నిలబెట్టిన పాత, పెద్ద డేటాబేస్‌లలో ఒకటి మోబీగేమ్స్.

పేర్లు దాచిన రోజులు

1970ల చివర్లో అటారీ కంపెనీలో ఒక ఆటను సాధారణంగా ఒక్క ప్రోగ్రామరే తయారుచేసేవారు. ఆలోచన, బొమ్మలు, శబ్దాలు, కోడ్ అన్నీ ఆ ఒక్కరివే. అమ్మకానికి వెళ్లే పెట్టె మీద మాత్రం కంపెనీ పేరు తప్ప ఇంకో పేరు ఉండేది కాదు. దీన్ని సహించలేక వారెన్ రాబినెట్ తన 'అడ్వెంచర్' (1980) ఆటలో ఒక రహస్య గది కట్టారు. నేపథ్యం రంగులో కలిసిపోయే ఒక చుక్కను వెతికి పట్టుకుంటే తప్ప ఆ గదిలోకి దారి లేదు. లోపల ఆయన రాసుకున్నది తన పేరు. అటారీ నుంచి బయటికొచ్చిన నలుగురు ప్రోగ్రామర్లు మరో భాగస్వామితో కలిసి 1979లో యాక్టివిజన్ స్థాపించి, ఆట చేసినవారి పేరు బాహాటంగా ముద్రించడం మొదలుపెట్టారు.

జపాన్‌లోనూ ఇదే తంతు. క్యాప్‌కామ్ ఆటల చివర అసలు పేర్లకు బదులు మారుపేర్లు కనిపించేవి. 'మెగా మ్యాన్' బొమ్మలు గీసిన కేజీ ఇనాఫునే పేరు అందులో 'ఇనాఫ్‌కింగ్' అని ఉంటుంది. కాబట్టి వీడియో గేమ్‌ల చరిత్ర రాయడమంటే ముందు మనుషుల్ని వెతకడం.

వంద ఆటలతో మొదలు

స్కూలు రోజుల నుంచి స్నేహితులైన జిమ్ లియొనార్డ్, బ్రయన్ హర్ట్ 1999 మార్చి 1న మోబీగేమ్స్ తెరిచారు. కొంతకాలానికి డేవిడ్ బర్క్ కలిశారు. మొదట పెట్టింది డాస్, విండోస్ ఆటలు మాత్రమే. దాదాపు వంద. వాటిలో ఎక్కువ లియొనార్డ్ సొంత సేకరణలోవే. ఆపిల్ 2, అటారీ లాంటి పాత యంత్రాలు తరవాత ఒక్కొక్కటే చేరాయి. ఇప్పుడు అక్కడ 3 లక్షలకు పైగా ఆటలు, 300కు పైగా యంత్రాలు ఉన్నాయి.

ఎవరైనా వివరాలు పంపవచ్చు. పంపినదేదీ నేరుగా అచ్చెక్కదు. అదే దీని ప్రాణం.

లోపలి అమరిక

ఆటల డేటాబేస్ కట్టబోయే వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న: 'ఒక ఆట' అంటే ఏది? మన ప్రిన్స్‌నే తీసుకుందాం. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'ను జోర్డన్ మెక్నర్ ఆపిల్ 2 కోసం తయారుచేయగా 1989లో బ్రోడర్‌బండ్ విడుదల చేసింది. తమ్ముడు డేవిడ్ పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా అనుసరించి గీశారు కాబట్టే రాజకుమారుడి కదలికల్లో అంత జీవం. సంగీతం తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్‌ది. 1990లో డాస్ రూపం వచ్చింది. రంగులు మారాయి, శబ్దం మారింది. 1992లో సూపర్ ఫామికామ్ అనే ఆటల యంత్రం రూపాన్ని జపాన్‌లో వేరే బృందం చేసింది. అసలు ఆటలో 12 అంచెలు, 60 నిమిషాల గడువు ఉంటే ఇందులో 20 అంచెలు, 120 నిమిషాలు. పేరు ఒకటే. చేసిన మనుషులు వేరు, అమ్మిన కంపెనీ వేరు, తెర మీద కనిపించేది వేరు.

అన్నిటినీ ఒకే పేజీలో కలిపేస్తే డాస్ వాళ్ల పని ఆపిల్ ఖాతాలో పడుతుంది. పూర్తిగా విడదీస్తే ఇవన్నీ ఒకే ఆట అన్న సంగతే పోతుంది. అందుకే మోబీగేమ్స్‌లో ఆటకు ఒక నమోదు, దాని కింద ఒక్కో యంత్రానికి ఒక్కో విభాగం, ఆ విభాగంలో దేశం వారీగా విడుదల తేదీ, ప్రచురణకర్త, అట్టబొమ్మ ఉంటాయి. స్క్రీన్‌షాట్లు, పనిచేసినవారి జాబితా కూడా యంత్రం వారీగానే. 1996లో జపాన్‌లో 'బయోహజార్డ్'గా వచ్చి బయట 'రెసిడెంట్ ఈవిల్' అయిన ఆట లాంటివి ప్రత్యామ్నాయ పేర్లతో ఒకే చోట దొరుకుతాయి.

మనుషుల విషయంలో నియమం ఇంకా సున్నితం. ఆటలో పేరు ఎలా ఉందో అలాగే ఎక్కించాలి, సరిదిద్దకూడదు. ఆ పేరు ఏ మనిషిదో చెప్పే లంకెను మాత్రం వేరుగా కలపాలి. 'ఇనాఫ్‌కింగ్' అన్న మాట చెరగదు, నొక్కితే ఇనాఫునే పేజీ తెరుచుకుంటుంది. ఆధారాన్ని, మన వ్యాఖ్యానాన్ని విడివిడిగా ఉంచే ఈ పద్ధతి చరిత్రకారులది. దాన్ని ఆటల మీద ఇష్టంతో వచ్చినవాళ్లు తమంతట తాము పట్టుకున్నారు.

తనిఖీ చేసే కళ్లు

పంపిన ప్రతి వివరం ముందు వరుసలో నిలుస్తుంది. అప్రూవర్లు అనే అనుభవజ్ఞులైన వాలంటీర్లు దాన్ని పరిశీలిస్తారు. ఈ పేరు ఎక్కడ చూశారు? ఈ తేదీకి ఆధారమేమిటి? ఈ స్క్రీన్‌షాట్ మీరు ఆడి తీసిందా, ప్రకటన కోసం కంపెనీ ఇచ్చిందా? తృప్తిపడితే ఆమోదిస్తారు, లోపముంటే వెనక్కి పంపుతారు. ఆమోదం పొందిన పనికి పాయింట్లు వస్తాయి. వరుస పెరిగితే రోజులు కాదు, వారాలు ఆగాల్సి రావచ్చు. ఇక్కడ వేగం కన్నా నమ్మకానికి ఎక్కువ విలువ.

ఆ జాగ్రత్త ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. ప్రపంచమంతా ఎరిగిన 'సూపర్ మారియో బ్రదర్స్' జపాన్‌లో 1985 సెప్టెంబరు 13న విడుదలైంది. అమెరికాలో ఏ రోజున అమ్మకానికి వచ్చింది? ఈ తేదీని నిరూపించలేకపోతున్నామని ఆటల చరిత్రకారుడు ఫ్రాంక్ సిఫాల్డి 2012లో ఒక వ్యాసమే రాశారు. ఒకచోట అచ్చయిన తేదీని మరొకరు ఎత్తిరాస్తారు. దాన్ని చూసి ఇంకొకరు. పది చోట్ల కనిపించగానే అదే నిజమైపోతుంది. అత్యంత ప్రసిద్ధమైన ఆటకే ఈ గతి పడితే, మూతపడిన చిన్న కంపెనీల ఆటల సంగతి వేరే చెప్పాలా! తెలియని తేదీని ఖాళీగా వదిలేసే డేటాబేస్ ఊహించి నింపే డేటాబేస్ కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

చిట్టా ఎవరి సొత్తు?

2010లో మోబీగేమ్స్‌ను గేమ్‌ఫ్లై అనే కంపెనీ కొన్నది. అమ్మకం అయిపోయాక గానీ రాసేవాళ్లకు తెలియలేదు. కొందరు ముఖ్యులు ఇక ఉచితంగా పనిచేయబోమన్నారు. 2013లో రూపురేఖలు మార్చేసరికి అసంతృప్తి ఇంకా ముదిరింది. ఆ ఏడాది డిసెంబరులో బ్లూ ఫ్లేమ్ ల్యాబ్స్ యజమాని జెరెమియా ఫ్రేహోల్ట్స్ దాన్ని కొన్నారు. ఆయన మొదట చేసిన పని పాత రూపాన్ని తిరిగి తేవడం. వాలంటీర్లు మళ్లీ కుదుటపడ్డారు. 2022 మార్చిలో అటారీ 15 లక్షల డాలర్లు చెల్లించి సొంతం చేసుకుంది. నాటి అటారీకి, ఆ పేరు వారసత్వంగా పొందిన నేటి కంపెనీకి మధ్య చేతులు చాలా మారాయి. అయినా ఒకప్పుడు పేర్లు అచ్చువేయని సంస్థ పేరు మీదే ఇప్పుడు పేర్లు భద్రపరిచే చోటు నడుస్తోంది.

ఈ చిక్కు ఆటలకే పరిమితం కాదు. తొంభైలలో కంప్యూటర్‌లో పాటల సీడీ పెడితే పాటల పేర్లు తెర మీద కనిపించేవి. సీడీడీబీ అనే ఆ జాబితాను ఓపిగ్గా టైప్ చేసినవాళ్లు మామూలు శ్రోతలే. తరవాత అది గ్రేస్‌నోట్ కంపెనీ ఆస్తిగా మారింది. ఆ ఉక్రోషంలోంచి రాబర్ట్ కే చేతుల్లో మ్యూజిక్‌బ్రెయిన్జ్ పుట్టింది. దాని ముఖ్య సమాచారం ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు, నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. జనం రాసిన చిట్టా జనానికి అందుబాటులో ఉండాలన్న షరతు మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. ఇలాంటివి నడపాలనుకునే ఎవరికైనా ఇది ముందు తెలియాల్సిన పాఠం.

చిట్టా లేకపోతే ఏమవుతుంది?

2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం వెలువరించింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని అది తేల్చింది. అసలు ఎన్ని ఆటలు వచ్చాయో తెలిస్తేనే ఎన్ని పోయాయో లెక్కకట్టగలం. ఆ లెక్కకు పరిశోధకులు ఆధారం చేసుకున్నది మోబీగేమ్స్ జాబితానే.

మన పేర్లు ఎక్కడ?

ఈ చిట్టాలో మన వాటా కూడా ఉండాలి. హైదరాబాద్‌లో గేమ్‌లాఫ్ట్, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి కంపెనీల స్టూడియోల్లో తెలుగువాళ్లు ఎందరో బొమ్మలు గీశారు, కోడ్ రాశారు, తప్పులు పట్టారు. బటన్ ఫోన్ల కాలపు ఆటలు చాలావరకు ఆ ఫోన్లతోనే పోయాయి. ఒక ఆటలో ఇంటిపేరు ముందు, ఇంకో ఆటలో చివర, మరోదాంట్లో పొడి అక్షరాలు మాత్రమే ఉంటే, ఒకే మనిషి డేటాబేస్‌లో ముగ్గురవుతారు. ఆ ముగ్గురూ ఒక్కరేనని తెలిసి కలపగలిగింది మన పేర్ల తీరు ఎరిగినవాళ్లే.

మీరు ఎప్పుడైనా ఒక ఆట తయారీలో పనిచేసి ఉంటే, పాత ఫోన్‌లోనో సీడీలోనో అది మిగిలి ఉంటే, దాని చివర వచ్చే పేర్ల జాబితాను తెర మీద ఆపి ఫొటో తీయండి. ఆధారంతో సహా నమోదుకు పంపండి. వెనక్కి వస్తే సరిదిద్ది మళ్లీ పంపండి. పనిచేసినవాళ్లు మన మధ్య ఉండగానే అది జరగాలి.