కంటికి కానరాని కల్మషం

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నెలకొన్న కొల్లేరు ప్రాంతం మత్స్యసంపదకు ఆటపట్టు. ఇక్కడి చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు మంచుగడ్డల నడుమ లారీలకెక్కి, ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలను దాటి దూరరాష్ట్రాలకు తరలిపోతాయి. రొయ్యల ప్రయాణం ఇంకా దూరం. వాటిలో కొన్నింటిని కర్మాగారంలోనే ఉడికించి, గడ్డకట్టించి, విదేశాలకు ఎగుమతి చేస్తారు. వాటిని కొన్నవారు తిరిగి పొయ్యి మీద పెట్టకుండానే భుజించవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది.

వండిన తరువాత సూక్ష్మజీవులు మిగులుతాయా అన్న సందేహం సహజం. తగినంత ఉడికితే హానికరమైనవి చాలావరకు నశిస్తాయి. అయితే ఉడికిన మాంసాన్ని తాకే చేయి, కోసే కత్తి, చల్లార్చే నీరు శుభ్రంగా లేకపోతే అవి మళ్లీ వచ్చి చేరతాయి. పోటీపడే ఇతర జీవులు అప్పటికే నశించి ఉంటాయి కనుక నిరాటంకంగా వృద్ధి చెందుతాయి. లిస్టీరియా అయితే రిఫ్రిజిరేటరు చలిలో సైతం పెరుగుతుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో వండిన మాంస పదార్థం ద్వారా అది వ్యాపించి 200 మందికి పైగా మరణించారు. వారిలో నవజాత శిశువులే అధికం.

నిలవ ఉన్న ఆహారాన్ని పూర్వులు ‘పర్యుషితం’ అన్నారు. అది పాడైతే ముక్కు పసిగట్టేది. సాల్మొనెల్లా విషయంలో ముక్కును నమ్మడానికి వీలులేదు. రుచి, వాసన మారకుండానే అది ఆహారంలో ఉండగలదు.

కనుక ప్రయోగశాలను ఆశ్రయించక తప్పదు. 25 గ్రాముల నమూనాను 225 మిల్లీలీటర్ల పెప్టోన్ ద్రావణంలో కలిపి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 18 గంటలు ఉంచుతారు. ఉడుకు దెబ్బకు, మంచు దెబ్బకు నీరసించిన క్రిములు ఇందులో తేరుకుంటాయి. పట్టుకోదలచిన శత్రువుకు ముందుగా పథ్యం పెట్టడం వింతే! తరువాత ఇతర జీవులను అణచివేసే ద్రావణంలో ఒక రోజు పెంచి, అగార్ పలక మీద పూస్తారు. ఒక రకం పలక మీద సాల్మొనెల్లా సాధారణంగా నల్లని నడిబొట్టు గల ఎర్రని చుక్కలుగా కనిపిస్తుంది. సముద్రపు నాచు నుండి తీసే ఈ అగార్‌ను 1881లో సూచించినది ఫానీ హెస్సే అనే గృహిణి. ఆమె వంటింట్లో జెల్లీల తయారీకి వాడిన పదార్థమే అది.

నిర్ధారణతో కలిపి ఈ పరీక్షకు నాలుగైదు రోజులు పడుతుంది. జన్యుపదార్థాన్ని గుర్తించే పి.సి.ఆర్. పద్ధతి త్వరితమైనదే కాని, చచ్చిన క్రిముల జన్యువులను కూడా అది చూపగలదు. అందుచేత పలక మీది సాక్ష్యం నేటికీ అవసరమవుతున్నది.

నమూనాలో క్రిమి దొరకనంత మాత్రాన సరుకంతా శుద్ధమని చెప్పలేము. 1997 ఆగస్టులో పారిశుద్ధ్య లోపాల కారణంగా ఐరోపా సమాజం భారతీయ మత్స్య ఉత్పత్తులను నిషేధించినప్పుడు ఎగుమతిదారులకు ఈ సంగతి తెలిసివచ్చింది. అటుపిమ్మట తుది సరుకుతో పాటు ఉడికించే ఉష్ణోగ్రతను, మంచుకు వాడే నీటిని, కత్తులను, రొయ్యలు ఒలిచేవారి చేతులను సైతం పరీక్షించే పద్ధతి బలపడింది.