వత్తాదా, వస్తుందా?

పెద్ద జాలరిపేట ఒడ్డున పొద్దుటి పూట ఎదురుచూపులే ఎక్కువ. చీకటితో వెళ్ళిన ఫైబర్ బోట్లు ఒక్కొక్కటే తిరిగొస్తుంటాయి. గంపలు బోర్లించి వాటిమీద కూర్చున్న ఆడవాళ్ళ పక్కన ఒకరోజు నేనూ నిలబడ్డాను. "మాదింకా రాలేదు, వత్తాది" అంది ఒకావిడ. పక్కనున్న మనవడు కాలేజీ కుర్రాడు. కొత్తమనిషి ముందు మొహమాటమేమో, "వత్తాది కాదమ్మమ్మా, వస్తుంది అనాల" అని దిద్దాడు. దిద్దుతూ దిద్దుతూ తను 'అనాలి'ని 'అనాల' అన్నాడని వాడికి తెలీదు. ఆవిడకీ పట్టలేదు. కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చినా ఆ దిద్దుబాటు నన్ను వదల్లేదు. మనవడిది బడి తెలుగు, సరే. మరి వ్యాకరణం ఎవరి పక్షం? కాగితం మీద రాసి చూశాను. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తాం, వస్తారు, వస్తాయి. అన్నింట్లోనూ 'తా' ఉంది. మిగిలింది ఒక్కటి: వస్తుంది. అక్కడ మాత్రం 'తా' లేచిపోయి 'తు' కూర్చుంది. అమ్మమ్మ నోట ఆ తేడా లేదు. వత్తాను, వత్తావు, వత్తాడు, వత్తాది, వత్తాం, వత్తారు, వత్తాయి. ఏడుకి ఏడూ ఒకే అచ్చు. 'స్త' కాస్తా 'త్త' కావడం కూడా నోటికొచ్చినట్టు జరిగింది కాదు. చేస్తాను సేత్తాను అయింది, చూస్తాను సూత్తాను అయింది. వరస తప్పలేదు. వ్యాకరణం అంటే వరస తప్పకపోవడమే అయితే, ఆ పొద్దున ఒడ్డున వ్యాకరణం గంప మీద కూర్చుని ఉంది.

ఇంతకీ క్రియ చివర వేలాడే ఈ తోకలు ఎక్కడివి? సర్వనామాల దగ్గర తెంపుకొచ్చినవి. నేనులోని 'ను', నువ్వులోని 'వు', వాడులోని 'డు', అదిలోని 'ది', మేములోని 'ము', వారులోని 'రు'. 'వచ్చిన వాడు' దగ్గరపడి వచ్చినాడు అయింది, ఇంకా దగ్గరపడి వచ్చాడు అయింది. 'వచ్చినది' వచ్చింది అయింది. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా ఊళ్ళలో ఇప్పటికీ వినిపించే 'వచ్చినాడు' ఆ నడిమి మెట్టే. మనిషి ఎవరో క్రియే చెప్పేస్తుంది కాబట్టి తెలుగులో 'నేను' అనకుండానే రోజంతా గడిపేయొచ్చు. ఇంగ్లీషులో ఆ వీలు లేదు. 'కేమ్' అంటే వచ్చిందెవరో తేలదు, ముందు 'ఐ' అనో 'హీ' అనో అనాల్సిందే.

తోక ఉందంటే భాష ఒక ప్రశ్న అడుగుతున్నట్టు. జవాబివ్వందే మాట పూర్తికానివ్వదు. భాషల మధ్య తేడా అవి ఏం చెప్పగలవన్న దాంట్లో కాదు, ఏది చెప్పి తీరాలంటాయన్న దాంట్లో ఉందని భాషావేత్త రోమన్ జాకబ్సన్ 1959లో ఒక వ్యాసంలో వివరించాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి విశాఖ కంటే మంచి ఊరు లేదు. రేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం కలిసి సగం దేశాన్ని ఇక్కడికి తెచ్చిపడేశాయి.

తెలుగు అడిగే ప్రశ్న: వచ్చింది మగమనిషా, కాదా? మగవాడైతే వచ్చాడు. ఆడమనిషైనా, పడవైనా, తుపానైనా వచ్చింది. నలుగురైతే ప్రశ్న మారిపోతుంది: మనుషులా, కాదా? ఆడవాళ్ళూ వచ్చారు, మగవాళ్ళూ వచ్చారు, పడవలు వచ్చాయి. అంటే మన క్రియ ఒంటరి ఆడదాన్ని పడవ పక్కన నిలబెట్టి, నలుగురు కలిస్తే మనుషుల్లోకి చేర్చుకుంటుంది. ఇందులోంచి సమాజశాస్త్రం తీయడానికి నాకు ధైర్యం చాలదు. కానీ గౌరవం ఇవ్వాలనుకున్నప్పుడు ఒక్క ఆడమనిషికే 'వచ్చారు' అనేస్తామన్నది గమనించాలి. ఇరుకుగా ఉన్నచోట మనుషులు భాషలో కిటికీ తెరుచుకుంటారు.

తమిళానికి ఈ ఇరుకు లేదు. అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు. మూడింటికీ మూడు తోకలు. మలయాళం అసలు తోకలే కోసేసింది. నేనైనా, వాడైనా, ఆమె అయినా 'వన్ను' ఒక్కటే. ఒడియా, బెంగాలీ క్రియలు వచ్చింది నేనా, నువ్వా, ఇంకొకరా అని అడుగుతాయి. ఆ ఇంకొకరు ఆడా మగా అన్నది మాత్రం వాటికి అక్కర్లేదు. హిందీ అందరికంటే చాదస్తం. నావ ఆడది కాబట్టి 'ఆయీ' అనాలి, జహాజ్ మగది కాబట్టి 'ఆయా' అనాలి. తన సంగతి చెప్పుకునేవాళ్ళని కూడా వదలదు. 'నేను వచ్చాను' అన్న తెలుగు మాటలో మాట్లాడేది ఆడో మగో తెలియదు, హిందీలో తెలిసి తీరాలి. మనవాళ్ళు హిందీ మాట్లాడితే నవ్వులపాలయ్యేది ఎక్కువగా ఇక్కడే. అది తెలివితక్కువతనం కాదు. పుట్టినప్పటి నుంచీ ఎవరూ అడగని ప్రశ్నకి పరిగెత్తుకుంటూ జవాబు చెప్పాల్సి రావడం. హిందీలో నిన్నకీ రేపటికీ 'కల్' ఒక్కటే మాట. నిన్నో రేపో తేల్చేది క్రియే. మనకి తిరగబడింది. 'వేటకెళ్తాను' అంటే రేపు వెళ్తానన్నా అదే, రోజూ వెళ్తానన్నా అదే. తేల్చడానికి పక్కన 'రేపు' ఉండాలి, లేదా 'రోజూ' ఉండాలి.

తెలుగు క్రియలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కాదనే పద్ధతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో జాలరిపేట మాట ఒక్కటే: "వేటకెళ్ళం." వెళ్తాం, వెళ్ళం. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కాదనే మాట ఎక్కడుంది? విడిగా ఎక్కడా లేదు. కాలం చెప్పే 'తా' తప్పుకుంది, దాని చోట మెత్తటి 'అ' ఒకటి మిగిలింది, తోక యథాతథం. అవును కంటే కాదు పొట్టిగా ఉన్న క్రియ ఇది. ఇంగ్లీషు కాదనాలంటే 'నాట్' తేవాలి, దానికి తోడు 'డూ' అనే ఇంకో క్రియని అరువు తేవాలి. ఫిన్లాండువాళ్ళది మరో దారి. వాళ్ళకి 'కాదు' అన్నదే ఒక క్రియ, తోకలన్నీ దానికే. నేను వెళ్ళను అంటే 'ఎన్ మెనె', నువ్వు వెళ్ళవు 'ఎత్ మెనె', అతను వెళ్ళడు 'ఎయ్ మెనె'. వెళ్ళడం అనే మాట కదలకుండా కూర్చుంటుంది, కాదనడం తిరుగుతుంది.

ఇంతలో తెలుగు ఒక తమాషా చేస్తుంది. జరిగిపోయినదాన్ని కాదనాలంటే తోకలన్నీ మాయం. నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, పడవలు వెళ్ళలేదు. అంతా 'లేదు'. ఒక్క క్షణం మనం మలయాళీలం అయిపోతాం. చేతకాదని చెప్పాల్సి వస్తే తోక మళ్ళీ ప్రత్యక్షం: వెళ్ళలేను, వెళ్ళలేడు, వెళ్ళలేరు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళు వెళ్ళలేదు, వెళ్ళలేనుల మధ్య ఇరుక్కుని గిలగిల్లాడటం నేను చూశాను. మనకది కష్టమని కూడా తెలియదు.

ఇక వేట కథ చెప్పే వాక్యం. చీకటితో లేచి, డీజిలు పోసుకుని, అల దాటి, వల దించి, లాగి, చేప ఏరి, ఒడ్డుకొచ్చి అమ్మాం. పనులు ఎనిమిది, తోక ఒక్కటి. మొదటి ఏడు క్రియలకీ మనిషి లేడు, కాలం లేదు. అవన్నీ చివరి 'అమ్మాం' మీద ఆధారపడి నడుస్తున్నాయి. అలివి వల లాగేటప్పుడు తాడు పట్టుకున్నవాళ్ళంతా ఒక వరసలో ఉన్నట్టు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ సంప్రదాయంలో ఇలా ఆధారపడే క్రియకి క్త్వార్థకం అని పేరు. సంస్కృతంలో 'గత్వా' చివరనున్న క్త్వా ప్రత్యయం పేరు తెచ్చి తగిలించారు. నోరు తిరగని ఆ పేరు చూసి ఎంతమంది పిల్లలు వ్యాకరణం మీద ఆశ వదులుకున్నారో. సరుకు మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నదే. వచ్చి, తిని, పడుకుని. హిందీలో 'జాకర్', బెంగాలీలో 'గియే' చేసేదీ ఈ పనే. పుట్టుకలు వేరైన భాషలు వందల ఏళ్ళు ఇరుగుపొరుగున కాపురం చేసి ఒకదాని అలవాట్లు ఒకటి నేర్చుకున్నాయి. భాషావేత్త ముర్రే ఎమెనో 1956లో భారతదేశం మొత్తం ఒక భాషామండలం అని వాదించినప్పుడు చూపించిన సాక్ష్యాల్లో ఇలాంటి వాక్యనిర్మాణమూ ఉంది.

క్త్వార్థకానికి ఒక కట్టుబాటు: అన్ని పనులూ ఒకరే చేయాలి. 'నేను వల వేసి వాడు లాగాడు' అనం; 'నేను వల వేస్తే వాడు లాగాడు' అంటాం. అయితే 'గాలొచ్చి పడవ బోల్తాపడింది' అంటే ఎవరూ తప్పుపట్టరు. వచ్చింది గాలి, పడింది పడవ, ఇద్దరు కర్తలు. ఒకటి రెండోదానికి కారణమైనప్పుడు భాష కళ్ళు మూసుకుంటుంది.

ఇప్పుడు క్రియే లేని వాక్యం. "మేం జాలర్లం." 'ఉన్నాం' లేదు, 'అవుతాం' లేదు. ఆ చివరి 'ం' చూడండి. వస్తాంలో ఉన్న తోకే. నేను జాలరిని, నువ్వు జాలరివి, మేం జాలర్లం. నామవాచకం క్రియలాగా తోక తగిలించుకుని తిరుగుతోంది. ఇలాంటిదే ఎంతో దూరాన టర్కీలో ఉంది. అక్కడ చేప 'బాలిక్', చేపలు పట్టేవాడు 'బాలిక్‌చి', 'నేను జాలరిని' అనాలంటే 'బాలిక్‌చియిమ్'. చివర 'ఇమ్' వచ్చి అతుక్కుంటుంది. రష్యన్‌లో క్రియా ఉండదు, తోకా ఉండదు. నేను, జాలరి, అంతే.

టర్కీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. 'వచ్చాడు' అనడానికి వాళ్ళకి రెండు రూపాలు. కళ్ళారా చూస్తే 'గెల్ది'. ఎవరో చెబితేనో, ఆనవాళ్ళని బట్టి పోల్చుకుంటేనో 'గెల్మిష్'. నీకెలా తెలుసు అన్నది ఆ క్రియ తప్పనిసరిగా అడుగుతుంది. మనకా పని చేసేది 'అట'. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. ఆ రోజు ఈ ఒడ్డున ఉన్నవాళ్ళు "వచ్చింది" అంటారు. తర్వాత పుట్టిన పిల్లలు "వచ్చిందట" అనాలి. తేడా ఒకటుంది. మన 'అట' ఐచ్ఛికం. పెట్టకుండా పుకారుని చూసినదానిలా చెప్పేయొచ్చు. చెబుతూనే ఉన్నాం కూడా.

కొండల వైపు తిరిగితే క్రియ ఇంకో అవతారం ఎత్తుతుంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి వాళ్ళ భాషకి వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. సవర భాషలో పట్టినదాని పేరు క్రియ కడుపులోకే దూరిపోతుంది. పులిని పట్టడం అంటే పులి అన్న మాట పొట్టిదై 'పట్టు' పక్కన ఇమిడి, దాని తర్వాత కాలం, మనిషి వచ్చి చేరతాయి. మొత్తం ఒకే మాట. లిపి లేదని అందరూ చిన్నచూపు చూసిన భాషలో అంత పనితనం చూసినవాడికి, తెలుగువాళ్ళ వాడుక మాటని వ్యాకరణం లేనిదంటే ఒళ్ళు మండదా? మండింది.

20వ శతాబ్దం మొదట్లో విశాఖపట్నం కేంద్రంగా రాజుకున్న వ్యావహారిక భాషావాదం వెనక ఆయనా, గురజాడ అప్పారావూ, ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారూ, స్కూళ్ళ తనిఖీకొచ్చిన యేట్స్ దొరా ఉన్నారు. ఆ పోరాటాన్ని పెద్ద పెద్ద మాటల్లో చెబుతుంటారు గానీ, దగ్గరికెళ్ళి చూస్తే గొడవలో పెద్ద వాటా క్రియల చివర్ల గురించే. పిల్లాడు పరీక్షలో 'వచ్చుచున్నాడు' అని రాయాలా, 'వస్తున్నాడు' అని రాయవచ్చా? వచ్చుచున్నాడు అరిగి వస్తున్నాడు అయింది, అది ఇంకా అరిగి వత్తన్నాడు అయింది. మొదటి మెట్టు మీద నిలబడి రెండోదాన్ని వెక్కిరించారు నాటి పండితులు. రెండో మెట్టు గెలిచింది. గెలిచి, ఇప్పుడు మూడోదాన్ని వెక్కిరిస్తోంది. ఆ కాలేజీ కుర్రాడికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు, కానీ వాడు అందులో ఒక పాత్ర.

జాలరిపేటకి కూతవేటులో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే భద్రిరాజు కృష్ణమూర్తి చదువుకున్నారు, పాఠం చెప్పారు. తెలుగు ధాతువుల మీద ఆయన రాసిన 'తెలుగు వెర్బల్ బేసెస్' 1961లో వచ్చింది. తెలుగు క్రియ మూలాల్లోకి అంత లోతుగా దిగిన పుస్తకం అంతకుముందు లేదు.

ఒడ్డున ఆ పొద్దున ఇంకొకటి విన్నాను, మరిచిపోయేవాణ్ణి. చాలాసేపటికి దూరంగా నీళ్ళమీద ఆవగింజంత చుక్క కనిపించింది. పడవో, పక్షో నాకు తెలియలేదు. ఆవిడ మాత్రం లేచి నిలబడి "అదిగో, వచ్చీసింది" అంది. ఇంకా రానిదాన్ని, ఒడ్డు చేరడానికి అరగంట పట్టేదాన్ని, భూతకాలంలో. ఫోనులో మనమూ సగం దారిలో ఉండి "వచ్చేశా" అంటాం. రష్యావాళ్ళు గుమ్మం దాటకముందే "వెళ్ళాను" అని సెలవు తీసుకుంటారు. మనవడు ఈసారి దిద్దలేదు. గంప అందుకున్నాడు.