విమానానికి గరిష్ఠ చార్జీ, కూలీల ఆటోకు ఏదీ?

మిర్చి ఏరే రోజుల్లో మా వరంగల్ పల్లెల్లో కోడి కూయకముందే కూలీలు రోడ్డెక్కుతారు. పది పదిహేను మంది ఒక్క ఆటోలోనే. బస్సు లేదా అని అడిగితే, "వస్తే వస్తది, లేకుంటే లేదు. ఆలస్యమైతే పని పాయె" అంటరు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదు. మంచి పనే, మేం కాదనం. కాని పొద్దున బస్సే రాని ఊరికి ఆ ఉచితం దేనికి? ఆటో కిరాయి అంతా కూలిలో కోతే.

2025 డిసెంబరు మొదట్లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. టికెట్ల ధర ఎగబాకింది. 6వ తేదీకల్లా కేంద్రం హద్దు పెట్టింది: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు. అంటే కిరాయికి కళ్లెం వేయడం సర్కారుకు చేతనవునన్నమాట! ఆ 7,500 మనకు ఎన్ని రోజుల రెక్కల కష్టమో మీరే లెక్కగట్టండి.

మామునూరులో నిజాం నాటి విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. దానికి మరో 253 ఎకరాలు కావాలట. అక్కడి చేలల్లో కలుపు తీసినోళ్లు ఇక పని కోసం ఇంకా దూరం పోవాలె. అదే ఆటోలో.

కూలి వేళకు బస్సు, ఆటో కిరాయికి హద్దు. ఈ రెండూ అడుగుదాం. మీ ఊరి నుంచి ఎన్ని ఆటోలు పోతున్నాయో, మనిషికి ఎంత తీస్తున్నారో రాసి పెట్టండి. ఆ కాగితాలతోనే డిపోకు పోదాం.