సుదీర్ఘ ట్రయాథ్లాన్ - లక్ష్య నిర్ణయం

ఈత, సైకిల్, పరుగు - ఈ మూడింటినీ వరుసగా ఒకే రోజున పూర్తిచేయడమే ట్రయాథ్లాన్. 1978లో హవాయిలో ఆరంభమైన ఐరన్‌మ్యాన్ పోటీలో 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు ఉంటాయి. నాడు 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యం చేరారు. నేడు సాధారణంగా 17 గంటల గడువుంటుంది.

ఉద్యోగాలు చేసుకుంటూ ఇందులో పాల్గొనదలచినవారు మూడు లక్ష్యాలను వరుసగా నిర్ణయించుకోవాలి. మొదటిది ఆరోగ్యానికి హాని కలుగకుండుట; రెండవది గడువులోగా గమ్యం చేరుట; మూడవది, ఎండా గాలీ అనుకూలిస్తేనే, కోరిన సమయాన్ని సాధించుట. పోటీనాడు ఈ వరుస తారుమారు కారాదు.

వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలనీ, ఊపిరి నోటితో ఆడసాగడమే దానికి గుర్తనీ సుశ్రుత సంహిత చెబుతున్నది. పోటీ ఈ హద్దును దాటక తప్పదు. కనుక నిత్యసాధనలో అధికభాగం మాట్లాడగలిగేంత వేగంతోనే సాగాలి. అలా నిలకడగా వచ్చిన వేగాన్ని బట్టే సమయాన్ని నిర్ణయించుకోవాలి. తోటివారిని చూసి కాదు.

దాహాన్ని అనుసరించి నీరు త్రాగాలి. మితిమీరి త్రాగితే రక్తంలో సోడియం తగ్గి ప్రాణాపాయం కలుగవచ్చు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మతి తప్పుట వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే పోటీ విరమించి వైద్యుని ఆశ్రయించాలి. అప్పుడు మొదటి లక్ష్యాన్ని కాపాడుకున్నట్లే.