సూరత్ వజ్రాల కార్మికుల ఆత్మహత్యలు: 65 ఎక్కువా, తక్కువా?

సూరత్ శివార్లలోని సచిన్ అనగానే మరమగ్గాలు గుర్తొస్తాయి. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో వజ్రాల యూనిట్లూ ఉన్నాయి. విదేశాల్లో గిరాకీ పడిపోయి సూరత్‌లో సానపట్టే పని తగ్గిన సమయంలో, 2024 జూలైలో గుజరాత్ వజ్రాల కార్మిక సంఘం ఒక హెల్ప్‌లైన్ ప్రారంభించింది. అంతకుముందు 16 నెలల్లో 65 మంది కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారని చెప్పింది.

ఒక మామూలు లెక్క వేద్దాం. 16 నెలల్లో 65 అంటే ఏడాదికి దాదాపు 49. ఈ పనిమీద బతికేవారు నగరంలో 6 లక్షలనుకుంటే, లక్షకు 8 మంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ప్రకారం 2022లో దేశ సగటు లక్షకు 12.4. మరి ఇంత ఆందోళన ఎందుకు? 2010లో చైనాలోని ఫాక్స్‌కాన్ కర్మాగారాల్లో వరుస ఆత్మహత్యలు జరిగినప్పుడూ ఇదే వాదన వినిపించింది.

ఈ పోలికలో మూడు చిక్కులున్నాయి.

మొదటిది, 65 అనేది సంఘం దృష్టికి వచ్చిన సంఖ్య మాత్రమే. ఎన్‌సీఆర్‌బీ పట్టికల్లో వజ్రాల కార్మికులకు విడిగా గడి లేదు. వారు దినసరి కూలీల్లోనో, ప్రైవేటు ఉద్యోగుల్లోనో కలిసిపోతారు. 2022 ఆత్మహత్యల్లో దినసరి కూలీలే 26.4 శాతం.

రెండోది, దేశ సగటులో పిల్లలు, వృద్ధులు, మంచం పట్టినవారు, అందరూ ఉంటారు. రోజూ పనికి వెళ్లగలిగే ఆరోగ్యవంతులను వారితో పోల్చలేం. ఇదే కార్మికులలో, పని బాగున్న ఏళ్లతో పోలిస్తే మరణాలు పెరిగాయా? అసలు అడగాల్సింది అది.

మూడోది, కారణం. సానపట్టేవారికి ఎక్కువగా ముక్కల లెక్కనే కూలి. పని తగ్గితే అప్పు, అప్పుతో ఇంట్లో గొడవ. చివరికి రికార్డుల్లో పడేది 'కుటుంబ సమస్యలు'. 2022లో 31.7 శాతం మరణాలు ఆ గడిలోనే ఉన్నాయి.

అలాగని 65 మరణాలనూ పరిశ్రమ ఖాతాలో వేయలేం. ఆత్మహత్యకు ఒకే కారణం ఉండటం అరుదు. కానీ 'సగటు కంటే తక్కువ' అన్న మాట ఎవరికీ క్లీన్‌చిట్ కాదు. సిరిసిల్ల నేతన్నల మరణాలను చూసిన మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు. పని పడిపోయిన చోట సాయం అందించడానికి, సగటు దాటేదాకా ఆగనక్కర్లేదు.

(మనసు కుంగిపోతే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.)