సెంటు రాసుకునే పెద్దలకు నాలుగు మాటలు

ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరే ముందు మన పెద్దవాళ్ళు ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, తల దువ్వుకుని, బీరువాలోంచి సెంటు సీసా తీస్తారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకో, అమెరికాలో ఉన్న కూతురో తెచ్చిన సీసా అది. అరవై దాటాక ఈ సోకులెందుకని కొందరు నవ్వుతారు. మేము మాత్రం అలా అనము. శుభ్రంగా తయారై నలుగురిలో కూర్చోవాలనుకోవడం ఏ వయసులోనైనా మంచి అలవాటే. అయితే వయసుతోపాటు ముక్కూ మారుతుంది, చర్మమూ మారుతుంది. ఈ సంగతి తెలియకపోతే ఆ మంచి అలవాటే పక్కవారికి ఇబ్బంది కావచ్చు. ఒక్కోసారి మన ఒంట్లోని జబ్బును కూడా కప్పిపెట్టవచ్చు.

ఒక మాస్టారి సంగతి

మన ఆసుపత్రి ఓ.పి.కి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారి గురించి చెబుతాము. తన పేరు రాయవద్దని, సంగతి మాత్రం తప్పకుండా రాయమని ఆయనే అన్నారు.

ఆయనను కోడలు తీసుకొచ్చింది. మాస్టారు బీపీ చూపించుకుంటుండగా ఆమె మా సిస్టర్‌ను పక్కకు పిలిచి, "సిస్టర్ గారూ, మా మామయ్యగారు రోజూ ఒళ్ళంతా సెంటు కొట్టుకుంటున్నారు. బాబుకి దగ్గు, ఆయాసం తగ్గడం లేదు. చెబితే చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకుంటున్నాము" అని చెప్పింది.

సిస్టర్ నెమ్మదిగా ఆ మాట కదిపితే మాస్టారు, "కొట్లోవాడు నీళ్ళు కలిపి అమ్మాడమ్మా. ఎంత కొట్టుకున్నా వాసనే రావడం లేదు" అన్నారు. గదిలో ఉన్న మిగతావారందరికీ ఆ వాసన ఘాటుగా తెలుస్తూనే ఉంది.

అసలు ఎందుకు మొదలుపెట్టారని అడిగితే కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మనవడు ఒకరోజు 'తాతయ్య దగ్గర ఏదో వాసన వస్తోంది' అన్నాడు. ముసలి వాసన కాబోలు అనుకున్నాను. మా ఆవిడ ఉన్నప్పుడు ఇలాంటివన్నీ ఆవిడే చెప్పేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు ఎవరున్నారు?" అన్నారు.

మాస్టారికి పధ్నాలుగేళ్ళుగా షుగరు ఉంది. ఆ సంగతి కార్డులో చూసిన సిస్టర్, "మాస్టారూ, ఒకసారి మేజోళ్ళు తీసి కాళ్ళు చూపిస్తారా?" అని అడిగింది. కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, అందులో చీము కనిపించాయి. షుగరు వల్ల పాదంలో స్పర్శ తగ్గడంతో ఆయనకు నొప్పి తెలియలేదు. ముక్కు పని తగ్గడంతో వాసనా తెలియలేదు. మనవడు పట్టుకున్నది ముసలి వాసనను కాదు, ఆ పుండు వాసనను. దాని మీద మాస్టారు రెండు నెలలు సెంటు కొడుతూ వచ్చారు.

ఇంకా ఆలస్యమైతే వేలు తీయాల్సి వచ్చేదని డాక్టరుగారు చెప్పారు. ఆ అవసరం లేకుండా పుండు మానింది.

ముక్కుకీ వయసు వస్తుంది

కళ్ళు మసకబారితే అద్దాలు పెట్టుకుంటాము. చెవులు వినపడకపోతే ఇంట్లోవాళ్ళే గట్టిగా మాట్లాడతారు. ముక్కు సంగతి అలా కాదు. వాసన తెలిసే శక్తి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తగ్గుతుంది కాబట్టి తగ్గినట్టు మనకే తెలియదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1984లో ప్రచురించిన అధ్యయనంలో 65 నుంచి 80 ఏళ్ళ మధ్య వారిలో సగానికి పైగా ఈ శక్తి బాగా తగ్గినట్టు తేలింది. 80 దాటినవారిలో నలుగురిలో ముగ్గురి పరిస్థితి అదే.

దీనికి తోడు ఇంకొక సంగతి ఉంది. ఏ వయసువారికైనా ఒకే వాసన కొన్ని నిమిషాలు తగిలితే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. సాంబ్రాణి వేసిన గదిలో కూర్చున్నవారికి కాసేపటికి ఆ వాసన తెలియదు. బయటినుంచి వచ్చినవారికి మాత్రం వెంటనే తెలుస్తుంది. సెంటు కూడా అంతే. "వాసన పోయింది" అని మళ్ళీ కొట్టుకుంటే పక్కవారికి అది రెండింతలవుతుంది.

అందుచేత సెంటు చాలిందా లేదా అన్నది మీ ముక్కును అడగకండి. ఇంట్లో భార్యనో, కోడలినో, మనవడినో అడగండి. ఒంటరిగా ఉండేవారు పక్కింటివారిని అడిగినా తప్పు లేదు.

ముక్కు పని తగ్గిందని అనుమానం వస్తే ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్ళు మూసుకుని కాఫీపొడి, కొత్తిమీర, లవంగం ఒక్కొక్కటిగా వాసన చూసి పేర్లు చెప్పండి. చెప్పలేకపోతే డాక్టరుకు చూపించుకోండి. ముక్కులో కండ పెరగడం, సైనస్ వంటి నయమయ్యే కారణాలు ఉండవచ్చు. 2020లో వచ్చిన కోవిడ్ తర్వాత వాసన శక్తి పోయినవారూ ఉన్నారు. కొందరిలో చేతుల వణుకు మొదలవడానికి కొన్నేళ్ళ ముందే వాసన తగ్గడం పార్కిన్‌సన్స్ వ్యాధికి తొలి గుర్తు కావచ్చు. వాసన తగ్గిన ప్రతివారికీ ఆ వ్యాధి ఉన్నట్టు కాదు, భయపడవద్దు. ఇంకొక మాట. వంటగ్యాసు లీకైతే తెలియడానికే అందులో ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసన తెలియని పెద్దలు ఇంట్లో ఒంటరిగా ఉంటే, పడుకునేముందు సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయడం అలవాటు చేసుకోవాలి.

'ముసలి వాసన' నిజమేనా?

వయసుతో ఒంటి వాసన కొంత మారే మాట నిజమే. 2001లో జపాన్ పరిశోధకులు నలభై దాటినవారి చర్మం మీద నోనెనాల్ అనే పదార్థాన్ని గుర్తించారు. చర్మంలోని కొవ్వు గాలి తగిలి మారినప్పుడు అది పుడుతుంది. అయితే అది జబ్బు కాదు, మురికీ కాదు. 2012లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. వివిధ వయసులవారు ఒంటికి కట్టుకున్న దూదిని వేరేవారికి వాసన చూపించారు. వృద్ధుల వాసనను వారు గుర్తుపట్టగలిగారు కానీ, నడివయసు మగవారి వాసన కంటే అది తక్కువ ఘాటుగా ఉందనే చెప్పారు. కాబట్టి వయసు వచ్చినందుకు సిగ్గుపడి సెంటు కొట్టుకోనక్కరలేదు. రోజూ సబ్బుతో స్నానం, మెడ వెనుక, చెవుల వెనుక శుభ్రం చేసుకోవడం, ఉతికిన బనియను, వారానికొకసారి దుప్పటి, దిండు గలీబు మార్చడం చాలు.

స్నానం చేసి, బట్టలు మార్చుకున్నా పోని కొత్త వాసన ఏదైనా వస్తే మాత్రం దాన్ని కప్పవద్దు, కారణం వెతకండి.

పాదాల దగ్గర దుర్వాసన వస్తే పుండు, వేళ్ళ మధ్య ఒరుపు ఉన్నాయేమో చూడాలి. షుగరు ఉన్నవారు అద్దం పెట్టుకుని రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. బట్టలకు మూత్రం వాసన వస్తుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షను గానీ, ప్రొస్టేటు గ్రంథి ఇబ్బంది గానీ ఉండవచ్చు. ఇది చాలామంది మగవారు మొహమాటంతో దాచే సంగతి. వైద్యం ఉంది, దాచవద్దు. నోటి దుర్వాసనకు చిగుళ్ళ జబ్బు, సరిగా కడగని కట్టుడు పళ్ళు ముఖ్య కారణాలు. షుగరు ఉన్నవారి ఊపిరి మాగిన పండు వాసన వస్తూ, వాంతులు, ఆయాసం కూడా ఉంటే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

సీసా ఎంచుకోవడం

పాతతరం వారికి జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద వేసిన యుడికొలోన్ గుడ్డ గుర్తుండే ఉంటుంది. ఆ పేరు జర్మనీలోని కొలోన్ నగరానిది. ఫరీనా అనే ఇటలీ కుటుంబం 1709లో అక్కడ అంగడి పెట్టింది. ఆ ఇంటివాడైన జొవాన్ని మరియా ఫరీనా నిమ్మ, నారింజ జాతి నూనెలతో చేసిన తేలికైన సుగంధానికి ఆ ఊరి పేరే పెట్టాడు.

ఈనాటికీ సీసా మీద కొలోన్ అని ఉంటే అందులో సుగంధ తైలం నూటికి 2 నుంచి 5 పాళ్ళే, మిగతాది చాలావరకు ఆల్కహాలు. తువాలెట్ అని ఉంటే 5 నుంచి 15, పర్ఫ్యూమ్ అని ఉంటే 15కు పైన ఉంటుంది. మన ఎండలకు, పెద్ద వయసుకు కొలోన్ సరిపోతుంది. రెండు మూడు గంటల్లో తగ్గిపోతుంది కాబట్టి పక్కవారికీ సుఖం. అత్తరు ఇష్టపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కన్నౌజ్‌లో సంప్రదాయ పద్ధతిలో చేసే అత్తరులో ఆల్కహాలు ఉండదు, పూల సారాన్ని గంధపు నూనెలోకి దింపుతారు. కాబట్టి చెవి వెనుక ఒక్క చుక్క చాలు. చార్మినార్ దగ్గర కొన్నా సరే, మోతాదు అదే.

కొట్లో ఒకేసారి నాలుగైదు సీసాలు వాసన చూస్తే ముక్కుకు ఏదీ తెలియదు. రెండిటితో ఆపండి. మణికట్టు మీద కొంచెం కొట్టించుకుని అరగంట తిరిగి రండి. మొదట వచ్చే నిమ్మ, నారింజ ఘాటు కాసేపట్లో పోతుంది. తర్వాత నిలిచే గంధం, వట్టివేరు, లవంగం వంటి వాసనే రోజూ మీతో ఉండేది. వీలైతే ఇంట్లోవారిలో ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. తయారీ తేదీ, కంపెనీ చిరునామా లేని సీసా కొనవద్దు.

రాసుకోవడం

పెద్దవయసులో చర్మం పలచబడి, పొడిబారుతుంది. దురద, దద్దుర్లు త్వరగా వస్తాయి. కొత్త సీసా తెచ్చినప్పుడు మోచేయి లోపలివైపు ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. ఎర్రబడితే, దురద పెడితే ఆ సీసా మీకు పడదు. చాలా ఏళ్ళుగా మిగిలిపోయిన సీసా కూడా పడకపోవచ్చు. గాలి తగిలి అందులోని నూనెలు మారిపోతాయి. సీసాను కిటికీలో కాకుండా బీరువాలో ఉంచండి.

గడ్డం గీసుకున్న వెంటనే చెంపలకు రాయవద్దు, మండుతుంది. పుండ్లు, గజ్జి, చంకల దగ్గర అసలే రాయవద్దు. పొడి చర్మం మీద వాసన నిలవదు కాబట్టి ముందు వాసన లేని క్రీము కొంచెం రాసుకోండి. ఛాతీ మీద ఒకసారి, మణికట్టు మీద ఒకసారి కొడితే చాలు. కొన్ని సెంట్లలో వాడే బెర్గమాట్ నూనె మెడకు రాసి ఎండలో తిరిగితే అక్కడ నల్లమచ్చలు పడవచ్చు. పగలు బయట పని ఉన్నవారు బట్టల కింద ఉండే చోటనే రాసుకోవడం మేలు.

ఆల్కహాలు ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, కొవ్వొత్తి దగ్గర, బీడీ వెలిగించేముందు కొట్టుకోవద్దు. ఇంట్లో ఆక్సిజన్ వాడేవారున్న గదిలో అసలే వద్దు. చిన్నపిల్లలు తాగితే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సీసా వారికి అందనిచోట ఉంచండి.

ఆస్తమా, ఆయాసం ఉన్నవారికి ఘాటు వాసన తగిలితే దగ్గు మొదలవుతుంది. చర్చిలో, బస్సులో పక్కన ఎవరు కూర్చుంటారో మనకు తెలియదు. రోగులను చూడడానికి ఆసుపత్రికి వచ్చేటప్పుడు దయచేసి సెంటు వాడకుండా రండి. మీ పక్కన ఎవరైనా దగ్గుతూ ముఖం తిప్పుకుంటే తప్పుగా అనుకోకండి.

ఇంట్లోవారికి ఒక మాట

తాతయ్య దగ్గర సెంటు ఎక్కువైతే చాటుగా నవ్వుకోకండి. అది ఆయన తప్పు కాదు, ఆయన ముక్కు చెప్పడం లేదు. పక్కకు పిలిచి మర్యాదగా చెప్పండి. కొత్త వాసన ఏదైనా వస్తుంటే మొహమాటపడకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి. షుగరు ఉన్నవారి పాదాలను మన ఓ.పి.లో ఏ రోజు అడిగినా సిస్టర్లు చూస్తారు.

మాస్టారు సెంటు మానలేదు. మేమూ మానమనలేదు. ఇప్పుడు తేలికైన కొలోన్ ఒక్కసారి మాత్రం కొట్టుకుంటారు. మనవడి ఆయాసం తగ్గింది. ఆదివారం బయలుదేరే ముందు మాస్టారు వాడిని పిలిచి, "ఏరా, సరిపోయిందా?" అని అడుగుతారట. వాడు దగ్గరకు వచ్చి వాసన చూసి, "సరిపోయింది తాతయ్యా, కాళ్ళు చూసుకున్నావా?" అంటాడట.